సీలు లేని సీసా

మా అమ్మ ఇరవై ఏడేళ్లు మూతలు కొట్టింది. పండ్లూ కూరగాయలూ సీసాల్లో నింపి ఊళ్లకు పంపే ఫ్యాక్టరీలో ఆమె పని అదే. బెల్టు మీద సీసాలు వరసగా కదిలి వస్తుంటే, పెన్సిలంత ఇనప కడ్డీతో ఒక్కో మూత మీద ఒక్కో దెబ్బ వేసేది. సీలు గట్టిగా పడిన మూత ఖంగుమంటుంది. వెంట్రుకవాసి సందు ఉండి గాలి దూరిందా, తడిసిన అట్టపెట్టెను కొట్టినట్టు బొద్దుమంటుంది. ఖంగుమన్నవి ముందుకు, బొద్దుమన్నవి పక్కకు. పూట చివర రిజిస్టరులో సంతకం. మేనేజరు దగ్గర్నుంచి గేటు కాపలా మనిషి దాకా అందరూ ఆమెను మూతలక్క అనేవారు.

రిటైరయ్యాక కడ్డీని ఫ్యాక్టరీలోనే అప్పగించి వచ్చింది గానీ, చెవిని మాత్రం ఇంటికి తెచ్చుకుంది. పాల ప్యాకెట్టును చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేది. మందుల షాపులో సీసా మూత తిప్పినప్పుడు టక్కుమనకపోతే, "దీన్ని ముందే ఎవరో తీశారు" అని అక్కడికక్కడే వెనక్కి ఇచ్చేసేది. ఎదురింటాయన కారణం లేకుండా నవ్వితే రెండ్రోజులు ఆలోచించేది. అనుమానం పెనుభూతం అంటారు. మా ఇంట్లో ఆ భూతానికి విడిగా ఒక కుర్చీ ఉండేది.

నాన్న సిటీ బస్సుల డిపోలో మెకానిక్. "పెళ్లికి ముందు నన్ను కూడా ఓ దెబ్బ కొట్టి చూసే ఒప్పుకుని ఉంటుంది మీ అమ్మ" అనేవాడు నాతో.

"కొట్టాను. బొద్దుమంది. అయినా పోనీలే అనుకున్నాను" అనేది అమ్మ.

నాన్న చెల్లెలు, అంటే మా మేనత్త, మా ఇంటికి వచ్చింది ఆ రోజుల్లోనే. అత్త ఆసుపత్రి వంటశాలలో వంటమనిషి. మామయ్య పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. అద్దెకున్న ఇంటిని యజమాని అమ్మేయడంతో రెండు ట్రంకుపెట్టెలూ, గుడ్డలో చుట్టిన పెద్ద కత్తీ పట్టుకుని మా వెనక గదిలో దిగింది. అమ్మ చూపు ముందు కత్తి మీదే పడింది.

"ఇంత కత్తి ఎందుకమ్మా నీకు?"

"వంట చేసేదాని దగ్గర కత్తి కాక గొడ్డలి ఉంటుందా వదినా?" అంది అత్త.

మొదటి నెల బాగానే గడిచింది. గొడవంతా కీరదోసకాయలతో మొదలైంది.

ఒక ఆదివారం పొద్దున అత్త సంచి నిండా లేత కీరలు తెచ్చింది. తొక్క తీయకుండా, రూపాయి బిళ్ల మందాన చక్రాలుగా తరిగింది. రెండు ఉల్లిపాయలు సన్నగా చీల్చి కలిపింది. మీద ఉప్పు చల్లి, ఫ్రిజ్‌లోని మంచు ముక్కలు పరిచి, పళ్లెం బోర్లించి పక్కన పెట్టింది. రెండు గంటలయ్యాక చూస్తే గిన్నె అడుగున గ్లాసుడు నీళ్లు. వాటిని పారబోసి, ముక్కల్ని కడిగి, గుడ్డలో వేసి పిండింది. పొయ్యి మీద వెనిగర్, చక్కెర, ఆవాలు, చిటికెడు పసుపు వేసి, చక్కెర కరిగేదాకా కాచింది. వేడినీళ్లతో కడిగి ఆరబెట్టిన రెండు సీసాల్లో ముక్కలు నింపి, చల్లారిన ఆ పులుసు పైదాకా పోసి, మామూలు మూతలు తిప్పి ఫ్రిజ్‌లో పెట్టేసింది.

అమ్మ ఇదంతా గుమ్మంలో నిలబడి చూసింది, దొంగను పట్టుకోబోయే పోలీసులా.

"సీసాల్ని నీళ్లలో పెట్టి మరగబెట్టవా?"

"అక్కర్లేదు వదినా."

"మరి సీలు?"

"సీలు లేదు. ఫ్రిజ్ ఉంది, వెనిగర్ ఉంది. రేపటికి ఊరుతుంది. నెల తిరక్కుండా మనమే తినేస్తాం. గోదాముల్లో ఏళ్ల తరబడి కూర్చునే సరుక్కి కదా సీలు!"

"సీలు లేనిది ఈ ఇంట్లో ఎవరి నోట్లోకీ పోదు" అంది అమ్మ.

మర్నాడు అత్త ఒక ముక్క నాకు ఇచ్చింది. అమ్మ చూడకుండా తిన్నాను. కరకరలాడుతూ తియ్యగా ఉంది. వెనకే పులుపు తగిలింది. ఆవగింజ పంటికింద చిటుక్కుమంది. నాన్నయితే ఉడికించిన బంగాళదుంపల్లో నంజుకుని, ఖాళీ పళ్లెం వంక దిగులుగా చూశాడు. అమ్మ రెండు రోజులు మా ఇద్దరి నాలుకలూ చూసింది, నుదుటి మీద చెయ్యి పెట్టింది. మాకేమీ కాకపోయేసరికి ఆమెకు అనుమానం ఇంకా ఎక్కువైంది.

"కొన్ని విషాలు నెమ్మదిగా ఎక్కుతాయి" అంది.

అప్పట్నుంచి ఫ్రిజ్ మీద నిఘా పెట్టింది. సీసా బయట సన్నని కాగితం ముక్క అంటించి పులుసు మట్టం దగ్గర గీత గీసేది. సాయంత్రానికి మట్టం గీత కిందికి దిగితే విచారణ జరిగేది. నాన్న డిపోలో ఇంజన్లను ఎంత గుట్టుగా విప్పేవాడో తెలియదు గానీ, ఇంట్లో సీసాను విప్పడం మాత్రం చేతకాలేదు. మీసానికి ఆవగింజ అంటుకుని రోజూ దొరికిపోయేవాడు.

అయితే ఈ గీతల వల్ల అమ్మకు ఇంకో సంగతి తెలిసింది. ఆదివారం అత్త రెండు సీసాలు చేస్తోంది. గురువారం సాయంత్రానికి ఫ్రిజ్‌లో ఒక్కటే ఉంటోంది. రెండోది తగ్గడం కాదు, సీసాతో సహా మాయం.

"రెండో సీసా ఏదమ్మా?" అని అడిగింది ఒకసారి.

"అయిపోయింది వదినా" అంది అత్త, కూరలు తరుగుతూ, తలెత్తకుండా.

"సీసా కూడా తిన్నారా?"

అత్త తరిగిన ముక్కల్ని గిన్నెలోకి తోసి లేచి వెళ్లిపోయింది. అంతే, అమ్మకు అన్నం సహించలేదు. గురువారం అత్తకు సెలవు. ఆ రోజు తలకు నూనె రాసి దువ్వుకుంటుందట, మంచి చీర కడుతుందట, 'ఆసుపత్రిలో చిన్న పని' అని వెళ్లి మూడు గంటలకు వస్తుందట. "సెలవు రోజున ఆసుపత్రిలో పనేమిటి? పైగా ఎడం వైపు బస్సెక్కుతోంది. ఆసుపత్రి కుడి వైపు" అంది నాతో.

"అమ్మా, ఆవిడకు యాభై మూడేళ్లు. ఎక్కడికైనా వెళ్తుంది."

"అదే. ఎక్కడికి?"

నేను పనిచేసే కళ్లద్దాల షాపుకు కూడా గురువారమే సెలవు. ఆ వారం అమ్మ నన్ను వదల్లేదు. "నేనొక్కదాన్నే చూస్తే ఎవరూ నమ్మరు. నువ్వు సాక్షివి" అంది. అత్త ఎక్కిన బస్సు వెనక బస్సెక్కాం. మిట్టమధ్యాహ్నం, ఆకాశంలో మబ్బు తునక లేదు, అయినా అమ్మ గొడుగు వేసుకుంది, మొహం కనపడకుండా.

అత్త పాత గోదాముల వీధిలో దిగింది. ఒక పక్క టైర్ల దుకాణాలు, ఇంకో పక్క గోడకు చేరేసిన రేకుల షెడ్లు. నాలుగో షెడ్డు ముందు తాళాలు, స్టవ్వులు, కుక్కర్లు వేలాడుతున్నాయి. అత్త లోపలికి వెళ్లి బల్ల మీద కూర్చుంది, సొంత ఇంట్లో కూర్చున్నట్టు. సంచిలోంచి సీసా తీసింది. లోపల నెరిసిన జుట్టు మనిషి ఒకాయన వీపు మాకు తిప్పి, ముందు చేతులు కడుక్కున్నాడు.

టైర్ల గుట్ట చాటున నిలబడి అమ్మ నా చెయ్యి గిల్లింది. "చూశావా? సీలు లేనిది తీసుకొచ్చి ఎవరికో పెడుతోంది. వాడెవడో గానీ ఆయుష్షు గట్టిదైతే బాగుండు!"

ఆయన ఇటు తిరిగాడు. గొడుగు అమ్మ చేతిలోంచి జారి కింద పడింది.

"మిషనన్న" అంది.

ఆయనెవరో నాకు తెలియదు. అమ్మ మొహం చూసి భయమేసి, ఇంటికి పోదాం పద అన్నాను. ఆమె కదల్లేదు. గొడుగు పడిన చప్పుడుకు అత్త తలెత్తింది. మమ్మల్ని చూసింది. పారిపోవడానికి మేమూ చిన్నపిల్లలం కాదు, దాక్కోవడానికి ఆవిడా కాదు.

"వదినా" అంది అత్త, లేచి వచ్చి. "నన్ను వెంబడించావా?"

"ఎన్నాళ్లుగా ఇది?"

"ఏడాదిన్నర. ఆపరేషనై మా ఆసుపత్రిలో నెల్లాళ్లున్నాడు. నోటికి ఏ రుచీ తెలిసేది కాదు. ఇదొక్కటి తెలిసింది."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

అత్త నా వంక చూసింది, మళ్లీ అమ్మ వంక చూసింది. "ఉద్యోగం ఎలా పోయిందో ఆయన నాకు చెప్పాడు వదినా. మూతలక్క అన్న పేరూ చెప్పాడు. అది మా వదినే అని ఎలా చెప్పను? నీకైనా, ఆయనకైనా?"

ఆయన షెడ్డు లోపలి నుంచే అంతా విన్నాడు. స్టూలు తుడిచి ముందుకు జరిపాడు. "రండి మూతలక్కా. ఎండలో ఎందుకు?" అన్నాడు.

ఆ గొంతులో కోపమూ లేదు, ఆప్యాయతా లేదు. అమ్మ స్టూలు అంచున కూర్చుంది, ఏ క్షణాన్నయినా లేచేటట్టు. ఆయన చెంచాతో రేకు పళ్లెంలో నాలుగు ముక్కలు వేసి ముందు పెట్టాడు. అమ్మ ముట్టుకోలేదు. ముందు ఆయన తింటాడా లేదా అని చూస్తోంది. అది ఆయన కనిపెట్టాడు.

"ఇప్పటికీ నా చేతి మీద నమ్మకం కుదరలేదా?" అని నవ్వాడు.

ఆ మాట అమ్మను ఎక్కడ తాకిందో అప్పటికి నాకు అర్థం కాలేదు. ఆమె పళ్లెంలోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది. నమిలింది. మింగింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది.

పదకొండేళ్ల కిందటి మాట. ఫ్యాక్టరీలో మూతలు బిగించే మిషను నడిపేది ఈయనే. అందుకే మిషనన్న అన్న పేరు. మిషను సడలడం వారానికోసారి ఉండేదే. మూతలు వరసగా బొద్దుమంటే మూతలక్క చెయ్యెత్తేది, ఆయన మిషను ఆపేవాడు, బిగించేవాడు, మళ్లీ నడిపేవాడు. ఒక రోజు మాత్రం చెయ్యి లేవలేదు. ఆ పూట సీసాలన్నీ గోదాముకు వెళ్లాయి. మూడు వారాలకు దుకాణాల నుంచి మూతలుబ్బిన సీసాలు పెట్టెలకు పెట్టెలు తిరిగొచ్చాయి. ఎవరూ తినకముందే దొరకడం అదృష్టం. విచారణలో అమ్మను అడిగారు. "నేను కొట్టినప్పుడు అన్నీ ఖంగుమన్నాయి" అంది. రిజిస్టరులో సంతకమూ ఉంది. అయితే అప్పటికి గట్టిగా ఉన్నట్టుండి తర్వాత వదిలేసేలా బిగించింది మిషనన్నే, పని త్వరగా తెమలాలని ఒత్తిడి తగ్గించి నడిపాడు అని తేల్చారు. సర్టిఫికెట్టు మీద 'నిర్లక్ష్యం కారణంగా తొలగించడమైనది' అని రాసిచ్చారు. ఆ కాగితం చూశాక మరే ఫ్యాక్టరీ ఆయన్ను మిషను దగ్గరికి రానివ్వలేదు.

"ఆ రోజు నాకు జలుబు చేసింది" అంది అమ్మ. "రెండు చెవులూ దూది పెట్టినట్టు మూసుకుపోయాయి. ఒక్క మూత కూడా వినపడలేదు. చెబితే తొక్కలు తీసే చోటికి మారుస్తారని భయపడ్డాను. అన్నీ బాగానే ఉంటాయిలే అనుకుని ముందుకు తోశాను. తర్వాత అడిగినప్పుడు అబద్ధం చెప్పాను."

ఆయన చెంచా కింద పెట్టాడు.

"మళ్లీ చెప్పండి."

"నాకు వినపడలేదు మిషనన్నా. ఒక్కటీ వినపడలేదు."

పక్క షెడ్డులో ఎవరో రేకు కొడుతున్నారు. ఆయన తన రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని వాటినే చూస్తున్నాడు.

"మూతలక్క చెవి తప్పదు కదా, మరి నేనే ఏదో చేసి ఉంటాననుకున్నాను" అన్నాడు. "పదకొండేళ్లుగా ఆ మిషను తలలోనే విప్పుతున్నా, బిగిస్తున్నా. ఏ బోల్టు మరిచానా అని. తాళం బాగుచేసి ఇచ్చేముందు ఆరుసార్లు తిప్పి చూస్తాను. అయినా నమ్మకం ఉండదు. వెళ్లినవాళ్లను వెనక్కి పిలిచి ఇంకోసారి చూస్తాను. జనం నవ్వుతారు." ఆగి, అన్నాడు: "ఇక వెళ్లండి."

అమ్మ లేచింది. అత్త మాతో రాలేదు.

ఆ తర్వాత రెండు వారాలు మా ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మరో మాట లేదు. అత్త కీరలు తేలేదు. వదినా అనడం కూడా మానేసింది. నాన్న సంగతంతా విని, "ఒక్క రోజు. ఇరవై ఏడేళ్లలో ఒక్క రోజు" అన్నాడు.

"ఆ ఒక్క రోజుకే కదా ఆయన ఉద్యోగం పోయింది" అంది అమ్మ.

మర్నాడు అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని ఫ్యాక్టరీకి బయలుదేరింది.

ఆఫీసు గుమాస్తా ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు. "ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడెందుకు గుర్తొచ్చింది? మిమ్మల్ని ఎవరు పంపారు? ఆయన కేసు వేస్తున్నాడా?" జీవితమంతా లోకాన్ని అనుమానించిన మనిషి మీద లోకం తిరగబడింది. రెండోసారి వెళ్తే, "జలుబు చేసిందని డాక్టరు కాగితం ఉందా?" అన్నాడు.

"అబద్ధం చెప్పిన రోజు నన్నెవరూ కాగితం అడగలేదు బాబూ" అంది అమ్మ.

మూడోసారి నేనూ వెళ్లాను. ఆ రోజు కొత్త మేనేజరమ్మ సీట్లో ఉంది. అమ్మ చెప్పిందంతా విని, ఆమె కూడా వెంటనే నమ్మలేదు. బీరువా తీయించి పాత రిజిస్టరు తెప్పించింది. ఒక్కో పేజీ మీద వేలు పెట్టి చూసింది. ప్రతి పూటా పక్కకు తీసిన సీసాలు ఎన్నో అమ్మ చేతిరాతలో ఉంది: తొమ్మిది, ఆరు, పదకొండు, ఏడు. ఆ ఒక్క పూట ఎదురుగా సున్నా.

"ఒక్కటి కూడా పక్కకు తీయలేదా మీరు?" అని అమ్మ మొహంలోకి చూసింది.

"ఇరవై ఏడేళ్లలో ఆ సున్నా ఒక్కటే ఉంటుంది. వెతికించుకోండి" అంది అమ్మ.

మేనేజరమ్మ నిజంగానే వెతికించింది. పది రోజుల తర్వాత కొత్త సర్టిఫికెట్టు వచ్చింది. 'తొలగింపునకు కారణమైన లోపం తనిఖీలో జరిగినట్లు తేలినది. మిషను ఆపరేటరు నిర్లక్ష్యమన్న మాట రద్దు చేయడమైనది' అని ముద్ర వేసి ఉంది. ఆ రాతతో ఇరవై ఏడేళ్ల మూతలక్క పేరు మీద మచ్చ పడింది. అమ్మ దాన్ని చదివి, మడిచి, సంచిలో పెట్టుకుంది.

అత్త చేత పంపిద్దామన్నాను. "నేనే ఇవ్వాలి" అంది.

గోదాముల వీధిలో ఆయన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. వెలుతురుకు ఎత్తి పట్టి చూశాడు. వేలు తడి చేసుకుని ముద్ర మీద రుద్దాడు.

"ఎక్కడ చేయించారు ఇది?"

"ఫ్యాక్టరీలోనే. కింద నంబరు ఉంది. ఫోన్ చేసి కనుక్కోండి."

ఆయన మా ఎదురుగానే ఫోన్ చేశాడు. గుమాస్తాతో మాట్లాడి, నమ్మక, మేనేజరమ్మను పిలవమన్నాడు. అమ్మకు కోపం రాకపోగా, తల ఊపింది. "నేనైనా ఇదే చేద్దును" అని నా చెవిలో అంది. ఫోన్ పెట్టేశాక ఆయన కుక్కర్ల వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. మేము చెప్పకుండా వచ్చేశాం.

వానాకాలం మొదట్లో అత్తా, ఆయనా రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకున్నారు. సాక్షులుగా నాన్నా, నేనూ సంతకాలు పెట్టాం. అమ్మ సంతకం ఎవరూ అడగలేదు. ఆమె వెనక బెంచీలో కూర్చుంది, ముందుకు రాలేదు. అత్త వెళ్లేముందు మాత్రం అమ్మ దగ్గరికొచ్చి, "వస్తాను వదినా" అంది. నెలల తర్వాత మళ్లీ ఆ పిలుపు.

ఆడపడుచు భర్త వరసకు అన్నయ్య. ఫ్యాక్టరీలో ఎప్పటి నుంచో అన్నా అని పిలిచిన మనిషి చివరికి నిజంగానే అన్నయ్య అయ్యాడు. నాకు మావయ్య. కానీ ఆయన మా ఇంటికి వచ్చినా నాన్నతోనో నాతోనో మాట్లాడేవాడు. అమ్మ గదిలోకి వస్తే తల ఊపి ఊరుకునేవాడు.

ఆ ఏడు కీరలు అమ్మే తెచ్చింది. ఫోన్లో అత్తను అడిగి అడిగి చేసింది. ముక్కలు సరిగా పిండలేదో ఏమో, పులుసు పలచబడి తేలిపోయింది. నాన్న ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఇది ఏ రోజుది?" అని అనుమానంగా అడిగాడు. అమ్మ పది రోజులు మాట్లాడలేదు నాన్నతో.

మొన్నామధ్య వంటింటి అల్మారా తాళం బిగుసుకుపోయింది. నాన్న తన స్పానర్లతో ఇంకా చెడగొట్టాడు. సాయంత్రం మావయ్య వచ్చాడు. తాళం విప్పి, తుడిచి, బిగించి, రెండే రెండుసార్లు తిప్పి చూశాడు. లేచి, మంచినీళ్లు ఇచ్చిన అమ్మ వైపు తిరిగి, "అప్పుడప్పుడూ ఓ చుక్క నూనె వేస్తుండండి" అన్నాడు. గ్లాసు ఇచ్చేసి వెళ్లిపోయాడు.

అమ్మ గుమ్మం దాకా వచ్చి, ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసింది.

"విన్నారా? నాతో మాట్లాడాడు" అంది నాన్నతో.

"నూనె గురించి."

"అయితే ఏం?" అని అమ్మ నూనె సీసా వెతకడానికి లోపలికి వెళ్లింది.